డంగ్‌డుత్ దరువు

శ్రోతలకు నమస్కారం. ముందుగా ఒక చప్పుడు ఊహించుకోండి. తబలా లాంటి వాద్యం మీద "డంగ్" అని ఒక దెబ్బ, వెంటనే అరచేతిని ఈడుస్తూ "డుత్" అని ఇంకొకటి. ఇండోనేషియాలో పల్లె పెళ్లిళ్ల దగ్గర్నుంచి సెల్‌ఫోన్ల దాకా మోగే సంగీతానికి పేరు ఈ చప్పుడే: డంగ్‌డుత్.

ఎవరూ ముద్దుగా పెట్టిన పేరు కాదిది. "ఏముంది అందులో, డంగూ డుత్తూ తప్ప" అని 1970ల్లో పైతరగతివాళ్లు వెక్కిరించారు. పాడేవాళ్లు ఆ వెక్కిరింతనే పేరుగా పెట్టుకున్నారు. మలయ్ బాణీలు, అరబ్బు పోకడలు, మన హిందీ సినిమా పాటలు కలిసిన సంగీతం అది. దానికి రోమా ఇరామా అనే గాయకుడు ఎలక్ట్రిక్ గిటార్ జోడించాడు, ఇస్లాం సుద్దులు కూడా చేర్చాడు, "డంగ్‌డుత్ రాజు" అనిపించుకున్నాడు.

2003లో ఈ రాజుగారికి కోపమొచ్చింది. కారణం తూర్పు జావాలోని పసురువాన్ నుంచి వచ్చిన ఇనుల్ దరతిస్త అనే గాయని. నడుము గిరగిరా తిప్పుతూ ఆమె ఆడే ఆటకు "ఙెబోర్" అని పేరు. అంటే డ్రిల్లింగ్ మిషన్‌తో బెజ్జం వేయడం! యూట్యూబ్ పుట్టడానికి ఇంకా రెండేళ్లుంది. అయినా ఆమె కచేరీలు దొంగ వీసీడీలకెక్కి దేశమంతా తిరిగాయి. టీవీవాళ్లు మేలుకున్నది ఆ తర్వాతే. రోమా ఇరామా బహిరంగంగా మండిపడ్డాడు, తన పాటలు పాడొద్దన్నాడు. మతపెద్దలూ తప్పుబట్టారు. ఆ గొడవే లేకపోతే ఆమెకు అంత పేరొచ్చేదా అని నా అనుమానం. తర్వాత ఆవిడ తన పేరుతోనే కరావోకే హాళ్లు కూడా తెరిచింది.

ఇక 2011కి వద్దాం. మోగింది డంగ్‌డుత్ కాదు, అందులో కలిసిన హిందీ సినిమా పాటే. ఈసారి వీసీడీ అక్కర్లేదు, యూట్యూబ్ ఉంది. సులవేసి దీవిలోని గోరొంతాలో నగరంలో నార్మన్ కమారు అనే కుర్ర పోలీసు యూనిఫాంలో కుర్చీలో కూర్చుని రెహమాన్ "ఛయ్యా ఛయ్యా"కు పెదవులు కదిపాడు, చేతులు ఊపాడు. అంతే! షారుఖ్ ఖాన్ రైలెక్కి ఆడాల్సొచ్చింది, ఇతనికి కుర్చీ సరిపోయింది. పైఅధికారులు మొదట క్రమశిక్షణ మాట ఎత్తారు. జనం అతనివైపు నిలబడేసరికి మెత్తబడ్డారు. టీవీ షోలు పిలిచాయి. డ్యూటీకి రావడం మానేశాడని అదే ఏడాది చివర ఉద్యోగం తీసేశారు. వైరల్ పేరుకు జీతం, పింఛను ఉండవు కదా.

2022 ఆగస్టు 17, ఇండోనేషియా స్వాతంత్ర్య దినం. జకార్తాలోని అధ్యక్ష భవనంలో జెండా వేడుక. మైకు ముందు నిలబడింది బన్యువాంగి నుంచి వచ్చిన ఫారెల్ ప్రయోగ, వయసు 12. వీధుల్లో పాడి డబ్బులు తెచ్చుకున్న పిల్లవాడు, వీడియోలతో పేరు తెచ్చుకున్నాడు. ఆ రోజు ఎత్తుకున్నది దేశభక్తి గీతం కాదు. నన్ను ఇంకొకరితో పోల్చి చూడకు అని బతిమాలుకునే జావా భాషా ప్రేమపాట. డంగ్‌డుత్‌ను తూర్పు జావావాళ్లు వేగం పెంచి పాడే "కొప్లో" దరువు దానిది. ఒక చరణం గడిచిందో లేదో, అంతసేపూ సంప్రదాయ దుస్తుల్లో బిగుసుకుని కూర్చున్న మంత్రులు లేచి స్టెప్పులేయడం మొదలుపెట్టారు.