వెండి పాత్ర ఎక్కడికి పోయింది? ‘ద విచ్’ సినిమా రివ్యూ

నమస్కారం. పొలం పక్కన ఒక అమ్మాయి తన పసితమ్ముణ్ని ఆడిస్తోంది. చేతులతో ముఖం మూసుకుంటుంది, తీసి ‘బూ’ అంటుంది, వాడు కిలకిలా నవ్వుతాడు. మళ్లీ మూసుకుంటుంది, మళ్లీ తీస్తుంది. ఒకసారి చేతులు తీసేసరికి దుప్పటి ఖాళీ. ఎదురుగా అడవి, అంతే.

దర్శకుడు రాబర్ట్ ఎగర్స్ తొలి చిత్రం ‘ద విచ్’లో భయం ఇలా మొదలవుతుంది. దాదాపు 40 లక్షల డాలర్లతో తీసిన ఈ చిన్న సినిమాకు 2015లో అమెరికాలోని సన్‌డాన్స్ చిత్రోత్సవంలో దర్శకత్వ పురస్కారం వచ్చింది. మరుసటి ఏడాది థియేటర్లకు వస్తే, సినిమా చూసి వచ్చినవారిని అడిగే సినిమాస్కోర్ సర్వేలో అమెరికా ప్రేక్షకులు ‘సి మైనస్’ అనే తక్కువ గ్రేడు ఇచ్చారు. నిమిషానికోసారి ఉలిక్కిపడాలని వెళ్లినవారికి కోపం రావడం సహజమే. కానీ ఈ నెమ్మదితనాన్ని లోపంగా చూడటానికి నాకు మనసు రావడం లేదు. ఎందుకో చెబుతాను.

కథాకాలం 1630ల నాటిది. ఇంగ్లండ్ నుంచి అమెరికాకు వలస వచ్చిన ఒక ప్యూరిటన్ కుటుంబం, అంటే కఠిన నియమాలు పాటించే ప్రొటెస్టంట్ క్రైస్తవులు. మతం విషయంలో పెద్దలతో తగవు పడి, మెట్టు దిగడానికి ఒప్పుకోని తండ్రి విలియమ్ వల్ల కుటుంబమంతా ఊరికి దూరమవుతుంది. అడవి అంచున ఇల్లు కట్టుకుంటారు. మొక్కజొన్న కుళ్లిపోతుంది. చలికాలం దగ్గర పడుతుంది. పైగా బిడ్డ పోయాడు.

అడవిలో మంత్రగత్తె ఉందా లేదా అని ఈ సినిమా మనల్ని ఊరించదు. బిడ్డ మాయమైన కాసేపటికే ఆమెను చూపించేస్తుంది. ఇక మనం చూడవలసింది ఆ ఇంటినే. తల్లికి పుట్టింటి గుర్తుగా మిగిలిన ఒక వెండి పాత్ర కనబడదు. దాన్ని వేటకు ఉచ్చులు కొనడం కోసం అమ్మింది విలియమే. తల్లి మాత్రం మొదట్లో బిడ్డను ఆడించిన పెద్ద కూతురు థామసిన్‌ను నిలదీస్తుంది. తండ్రి అక్కడే ఉంటాడు. నిజం చెప్పడు. నన్ను అన్నిటికన్నా భయపెట్టింది ఆ మౌనం. రక్తం లేదు, అరుపు లేదు. కన్నతండ్రి నోరు విప్పకపోవడం వల్ల ఒక పిల్ల అనుమానానికి బలి అవుతోంది. అనుమానం రాత్రికి రాత్రే పెరగదు కదా. ప్రార్థనలో, తిండి దగ్గర, మేకల కొట్టంలో కొంచెం కొంచెంగా పెరుగుతుంది. అందుకే సినిమా కూడా అంత నెమ్మదిగా నడుస్తుంది. చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో మనుషులను చంపిన వార్తలు మన పత్రికల్లో ఇప్పటికీ వస్తున్నాయి. ఆ వార్తలు చదివినవారికి థామసిన్ ముఖం పరాయిదిగా అనిపించదు.

థామసిన్‌గా నటించిన అన్యా టేలర్-జాయ్ కళ్లను చూడండి. కోపం, జాలి, విసుగు అన్నీ అక్కడే ఉన్నాయి.

ఇక ఛాయాగ్రహణం. జారిన్ బ్లాష్కే పగటి దృశ్యాలను ఎక్కువగా సహజమైన వెలుతురులోనే తీశారు. ఎండ కనబడదు, అంతా మబ్బు పట్టిన బూడిద రంగు. రాత్రి ఇంట్లో కొవ్వొత్తులే దీపాలు. ముఖాలు సగం చీకట్లోనే ఉంటాయి. తెర వెడల్పు మామూలుకన్నా తక్కువ, దాంతో చెట్లు నిటారుగా లేచి ఇంటి మీదికి వంగినట్టు అనిపిస్తుంది. మార్క్ కోర్వెన్ సంగీతంలో ఎలక్ట్రానిక్ వాద్యాలు లేవు; పాతకాలపు తంత్రీవాద్యాల గీరుడు చప్పుడు, మనుషుల గొంతులు. హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి, ఒళ్లు జలదరిస్తుంది.

నచ్చనివీ ఉన్నాయి. మాటలు చాలావరకు ఆ కాలపు డైరీల నుంచి, న్యాయస్థాన పత్రాల నుంచి తీసుకున్నవి. సబ్‌టైటిల్స్ లేకుండా చాలా జారిపోతాయి. ఆ ఇంటి కవలపిల్లల అల్లరి ఒక దశలో విసిగిస్తుంది. చివరి ఘట్టం గురించి కథ చెప్పకుండా ఒక్క మాట: అంతవరకు నీడలో ఉంచినదాన్ని అక్కడ అంత బాహాటంగా చూపకపోయినా బాగుండేది.

గంటన్నర సినిమా. పని చేసుకుంటూ, ఫోను చూసుకుంటూ చూడకండి. రాత్రి దీపాలు ఆర్పి, ఒక్కసారే కూర్చుని చూడండి. ఆ కుటుంబానికి ఒక నల్ల మేకపోతు ఉంటుంది. దాని మీద ఒక కన్నేసి ఉంచండి.