పేరు మార్చలేదండీ, కలిపారు! ఫాదర్ జడ్జ్ స్ట్రీట్ సంగతి

అందరికీ నమస్తే అండి. న్యూయార్క్‌లో ఏదైనా వీధికి ఎవరి పేరైనా పెట్టారంటే చాలు, మన వాట్సాప్ గ్రూపుల్లో "రోడ్డు పేరు మార్చేశారు" అని తిరుగుతుంది. 2022లో ఫ్లషింగ్‌లో మన వినాయకుడి గుడి ఉన్న బౌన్ స్ట్రీట్‌కి గణేశ్ టెంపుల్ స్ట్రీట్ అని పెట్టినప్పుడు కూడా ఇదే గోల. మార్చలేదండీ బాబూ! గుడికి ఉత్తరం రాయాలంటే ఇవాళ్టికీ బౌన్ స్ట్రీట్ అనే రాయాలి. పాత పేరు అలాగే ఉంచి దానికి తోడుగా గౌరవంగా ఇంకో పేరు కలిపారు, దీన్ని అక్కడ కో-నేమింగ్ అంటారు.

మన ఇళ్లల్లో రికార్డు పేరు ఒకటి, పిలుపు పేరు ఒకటి ఉంటాయి కదా. టెన్త్ సర్టిఫికెట్‌లో వెంకట సత్యనారాయణ, ఇంట్లో చిన్నా. ఊరంతా చిన్నా అని పిలిచినా సర్టిఫికెట్ మారదు. ఇదీ అంతే, సిటీ మ్యాప్‌లో ఉండేది రికార్డు పేరు, స్తంభానికి అదనంగా బిగించే బోర్డు మీద ఉండేది ప్రేమగా పెట్టుకున్న పేరు.

ఇందులో నాకు బాగా ఇష్టమైన వీధి ఒకటుంది. న్యూజెర్సీ ఎడిసన్‌లో ట్రైన్ ఎక్కి న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో దిగే మనవాళ్లు చాలామంది రోజూ దాని పక్క నుంచే వెళ్తుంటారు, వెస్ట్ 31వ స్ట్రీట్, సిక్స్త్ సెవెంత్ అవెన్యూల మధ్య ఉన్న ఒక్క ముక్క. అక్కడ ఫాదర్ మైకల్ ఎఫ్. జడ్జ్ స్ట్రీట్ అని ఉంటుంది.

ఈయన 1992 నుంచి న్యూయార్క్ ఫైర్ డిపార్ట్‌మెంట్‌కి చాప్లిన్. పైపు పట్టుకుని నీళ్లు కొట్టే ఫైర్‌మన్ కాదు, వాళ్లతో పాటు మంటల దగ్గరికి వెళ్లి, దెబ్బలు తగిలినవాళ్ల పక్కన కూర్చుని, ఎవరైనా పోతే వాళ్ల ఇంటివాళ్లకి తోడుగా నిలబడే పాదిరి. ఫైర్‌వాళ్లు మాత్రం ఆయన్ని తమవాడే అనుకున్నారు, ఫాదర్ మైక్ అనేవాళ్లు. 2001 సెప్టెంబర్ 11 దాడుల రోజున వరల్డ్ ట్రేడ్ సెంటర్ నార్త్ టవర్ లాబీలో ఉండగా పక్క టవర్ కూలి, ఆ శిథిలాలు వచ్చి పడి చనిపోయారు. మృతుల రికార్డులో ఆయన నంబర్ 0001. దీన్ని కూడా తప్పుగా చెప్తారు, అందరికంటే ముందు పోయింది ఆయనే అని. కాదు, అంతకు ముందే చాలామంది పోయారు, అధికారికంగా మొదట నమోదైంది ఆయన.

కానీ ఆ ఒక్క రోజు చూసి ఆయన్ని అంచనా వేస్తే చాలా పోగొట్టుకుంటాం. 1980ల్లో ఎయిడ్స్ అంటే ఆసుపత్రిలో భోజనం ట్రే కూడా గది బయటే పెట్టేసి వెళ్లిపోయే రోజులు, అప్పుడు ఈయన లోపలికెళ్లి మంచం పక్కన కూర్చుని రోగుల పాదాలు ఒత్తేవారు. జేబులో ఒక్క డాలర్ నోట్లు పెట్టుకుని తిరిగేవారు, రోడ్డు మీద ఇల్లు లేనివాళ్లు కనిపిస్తే ఇవ్వడానికి.

సరే, ఆ వీధి ముక్కకే ఆయన పేరెందుకు? ఆయనకి ఆరేళ్లప్పుడు తండ్రి పోయాడు, పిల్లాడు పెన్ స్టేషన్ దగ్గర జనాల బూట్లు పాలిష్ చేసి డబ్బులు తెచ్చేవాడు, దగ్గర్లోనే 31వ స్ట్రీట్‌లో ఉన్న సెయింట్ ఫ్రాన్సిస్ చర్చికి వెళ్తుండేవాడు. పెద్దయ్యాక సన్యాసిగా ఉన్నది ఆ చర్చి మఠంలోనే, ఎదురుగానే ఫైర్ స్టేషన్. ఇంకేం కావాలండీ! ఊరు చివర పెద్ద ఫ్లైఓవర్‌కి ఆయన పేరు పెట్టినా ఇంత అందం రాదని నా అభిప్రాయం.

ఇంకో విషయం, ఆయన రికార్డు పేరు రాబర్ట్ ఎమ్మెట్ జడ్జ్, మైకల్ అన్నది మఠంలో చేరాక వచ్చిన పేరు. మనిషికీ రెండు పేర్లు, వీధికీ రెండు పేర్లు.

కలపడమే మంచిదని ఎందుకంటానంటే, మళ్లీ బౌన్ స్ట్రీట్ చూడండి. ఆ జాన్ బౌన్ ఎవరనుకున్నారు? క్వేకర్లని, అంటే అప్పట్లో అక్కడ నిషేధించిన ఒక క్రైస్తవ శాఖవాళ్లని, తన ఇంట్లో ప్రార్థన చేసుకోనిచ్చినందుకు 1662లో అరెస్టయిన మనిషి. ఆయన పేరు పీకేసి గుడి పేరు పెడితే ఏం బాగుంటుంది? నచ్చినట్టు ప్రార్థన చేసుకునే హక్కు కోసం నిలబడ్డవాడి పేరూ ఉంది, వినాయకుడి పేరూ ఉంది. రికార్డు పేరు చెరిపితే తాతల పేరు పోతుంది, పిలుపు పేరు కలిపితే ఎవరిదీ పోదు.

టైమ్ అయిపోతోంది కాబట్టి ఇలా వీధికి పేరు కలిపించే ప్రాసెస్ గబగబా చెప్పేస్తా. ముందు మీ ఏరియా కమ్యూనిటీ బోర్డుకి, అంటే పేట సంగతులు చూసే స్థానిక కమిటీకి, అప్లై చెయ్యాలి, సిటీ మొత్తం మీద ఇలాంటివి 59 ఉన్నాయి, ఒక్కో బోర్డుకి ఒక్కో రూల్, కొన్ని చుట్టుపక్కలవాళ్ల సంతకాలు అడుగుతాయి. ఆ మనిషి ఆ పేటకి ఏం చేశాడో వివరంగా రాయండి, అదే ముఖ్యం. తర్వాత మీ సిటీ కౌన్సిల్ మెంబర్ ఒప్పుకుని తీసుకెళ్లాలి, కౌన్సిల్ ఇలాంటి పేర్లు బోలెడు కలిపి ఒకే బిల్లుగా పాస్ చేస్తుంది, మేయర్ దగ్గరికి వెళ్తుంది, ఆఖరికి ట్రాన్స్‌పోర్టేషన్ వాళ్లు బోర్డు తయారు చేసి బిగిస్తారు. ఇదంతా న్యూయార్క్ సిటీకి మాత్రమే. న్యూజెర్సీలో ఉన్నవాళ్లు మీ టౌన్‌షిప్ క్లర్క్ ఆఫీసులో కనుక్కోండి, అక్కడి పద్ధతి వేరు.