పరాయి దేశంలో పండగ పని

సభకు నమస్కారం.

మరికొద్ది వారాల్లో పరాయి దేశాల్లో చదువుకు విమానం ఎక్కబోయే పిల్లలూ, వాళ్ళ తల్లిదండ్రులూ ఒడిశాలోని మన బరంపురంలో జరిగే ఈ సభకు వచ్చారు. వీసా గురించి, ఫీజుల గురించి చెప్పేవారు మీకు చాలామంది దొరుకుతారు. నేను జనవరి నెల గురించి మాట్లాడతాను.

వెళ్ళిన కొత్తలో బెంగ అంతగా తెలియదు. దీపావళికి మొదలై, సంక్రాంతికి గట్టిగా పట్టుకుంటుంది. అందులో కొంత ఆ దేశపు ఆకాశం చేసే పని. డబ్లిన్‌లో, బెర్లిన్‌లో జనవరి నడుమ సాయంత్రం నాలుగున్నరకు అటూ ఇటూగా సూర్యుడు అస్తమిస్తాడు. వెలుతురు కరువైతే మనసు కుంగడం సహజం. మధ్యాహ్నం కాసేపు ఆరుబయట నడవండి.

మిగతాది పండగ బెంగ. ఇక్కడ తెల్లవారి అయిదింటికి భోగి మంట వేస్తే, న్యూయార్క్‌లో ముందురోజు సాయంత్రం ఆరున్నర. అమ్మ ఫోనులో అన్నీ చూపిస్తుంది. అక్క ముగ్గు పెడుతుంటుంది, నాన్న కట్టెలు ఎగదోస్తుంటాడు, చిన్నవాడు పిడకల దండ పట్టుకుని పరిగెడుతుంటాడు. ఇంటిల్లిపాదికీ పని ఉంది, మీకు లేదు. నేను చదువుకున్న రోజుల్లో నన్ను బాధపెట్టింది ఇదే. అరిసెలు పార్సిల్లో వచ్చేవి. "పాకం చూడవే" అని పిలిచే గొంతు మాత్రం వచ్చేది కాదు.

అందుకే పండగనాడు ఏదో ఒక పని పెట్టుకోండి అంటాను. అరిసెలే వండండి. దుకాణంలో దొరికే పొడి బియ్యప్పిండి దీనికి పనికిరాదు. బియ్యం నానబెట్టి, గుడ్డ మీద నీరోడ్చి, తడి ఆరకముందే మిక్సీలో ఆడించి జల్లించాలి. బెల్లం పాకం నీళ్ళలో వేస్తే కరిగిపోకుండా మెత్తటి ఉండ కట్టాలి. అప్పుడు ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు ఆపకుండా కలపాలి. ఒంటరిగా చేయడం కష్టం కనుక పక్కగది వాళ్ళను పిలవక తప్పదు. నాకు ఈ వంట మీద ఇంత ప్రేమ ఉండటానికి కారణం అదే. వచ్చినవాళ్ళకు తెలుగు రాకపోయినా గరిటె తిప్పడం వస్తుంది. పండగ పనిదినమైతే వచ్చే ఆదివారం వండండి, తప్పేమీ లేదు.

మన ఊరివాళ్ళకు ఇది కొత్త విద్య కాదు. కొన్ని వందల ఏళ్ళ కిందట తెలుగునేల నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడిన దేరా అనే నేతపనివారు తమ అమ్మవారు బుఢీ ఠాకురాణి కొలువును వెంట నిలుపుకున్నారు. రెండేళ్ళకొకసారి ఆ అమ్మవారు ఈ ఊళ్ళోని దేశిబెహరా వీధికి, తన పుట్టింటికి, వస్తుంది. ఆ జాతర ఇప్పుడు ఊరంతటిదీ. దీపావళికి మన పిల్లలు గోగుకాడలు తిప్పుతూ "దిబ్బు దిబ్బు దీపావళి" అంటుంటే, పక్కింటి ఒడియావారు కాడలు వెలిగించి "బడబడువా హో" అని పెద్దలను తలుచుకుంటారు. రెండు పిలుపులూ వింటూ పెరిగిన మీకు, మీ పండగకు ఇతరులను పిలవడం, వాళ్ళ పండగకు వెళ్ళడం ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇదే ఊళ్ళో 1894లో పుట్టి, తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్ళారు. ఇంటి ఉత్తరం ఓడలో రావలసిన రోజులవి!

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. హాస్టల్ గదుల్లో దీపాలు, కొవ్వొత్తులు చాలాచోట్ల నిషేధం. పొగకే అలారం మోగుతుంది. వేయించేటప్పుడు కిటికీ తెరవండి, భోగి మంట మాట మరిచిపోండి. ముగ్గు నల్లటి అట్ట మీద వేసుకోవచ్చు. పచ్చి మామిడాకులు పెట్టెలో పెట్టకండి. ఆస్ట్రేలియా, అమెరికా వెళ్ళేవారు ఎండు వేపపువ్వయినా సరే, విమానాశ్రయంలో ముందుగా ప్రకటించాలి. తిండి సహించక, నిద్ర పట్టక, తరగతికి వెళ్ళబుద్ధి కాక వారాలు గడుస్తుంటే మాత్రం అరిసెలతో తీరే బెంగ కాదది. విశ్వవిద్యాలయంలో కౌన్సెలర్ ఉంటారు, వెంటనే కలవండి. ఇంట్లోనూ దాచకండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. భోగినాడు ఫోనులో మీ మంట చూపించడంతో సరిపెట్టకండి. "పాకం ఎంతవరకు వచ్చింది నాన్నా? చూపించు" అని అడగండి, వాళ్ళు కలుపుతున్నంతసేపూ లైన్లో ఉండండి. ఈ చైత్రంలో ఎండబెట్టిన వేపపువ్వు మీ ఇళ్ళలో మిగిలి ఉంటే వచ్చే ఆదివారం ఇక్కడికి తెండి. తీసుకెళ్ళడానికి వీలున్న పిల్లలకు తలా కాస్త పొట్లం కట్టి ఇద్దాం.