మోటుపల్లి రాయి, నాలుగు వేల అక్షరాలు

అందరికీ నమస్కారం. నన్ను పిలిచిన లెక్చరర్ గారు ఫోన్‌లో ముందే చెప్పారు, "మా కాలేజీలో ఎంపీసీ, బైపీసీ పిల్లలే ఎక్కువండీ" అని. పర్లేదు. ఇంగ్లండ్‌లో హిస్టరీ డిగ్రీకి ఎలా దరఖాస్తు చేయాలో, వెనక బెంచీల్లో ఉన్న ఆ నలుగురు హెచ్‌ఈసీ వాళ్ళ కోసమే మాట్లాడతాను. మిగతావాళ్ళు ఎలాగూ ఫ్యాన్ల కింద కూర్చున్నారు, కాస్త ఓపిక పట్టండి.

"హిస్టరీ చదవడానికి ఇంగ్లండ్ దాకా ఎందుకు?" అని ఇంట్లో అడుగుతారు. చిత్తూరు పక్కన కట్టమంచి నుంచి వెళ్ళిన రామలింగారెడ్డి గారు కేంబ్రిడ్జి సెయింట్ జాన్స్ కాలేజీలో చదివింది చరిత్రే. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పెడితే మొదటి వైస్ ఛాన్సలర్ ఆయనే. ఇంట్లో ఈ మాట చెప్పి చూడండి. ఒప్పుకుంటారని మాత్రం నేను హామీ ఇవ్వను.

ఇక అసలు పని. డిగ్రీకి వెళ్ళాలంటే అక్కడి యూనివర్సిటీలన్నిటికీ కలిపి యూకాస్ అనే ఒకే దరఖాస్తు. అందులో ఐదు కోర్సులు పెట్టుకోవచ్చు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి రెండూ ఒకే ఏడాది కుదరవు, ఏదో ఒకటే. మన ఇంటర్ మార్కుల్ని కొన్ని యూనివర్సిటీలు నేరుగా తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. ప్రతి యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఇండియా పేజీ ఉంటుంది, ముందు అది చదవండి. కన్సల్టెన్సీ వాళ్ళ మాట తర్వాత.

అందరికీ టెన్షన్ పెట్టేది పర్సనల్ స్టేట్‌మెంట్, అంటే దరఖాస్తులో మన గురించి మనమే రాసుకునే కాగితం. మొత్తం 4000 అక్షరాలు, ఖాళీలు కూడా లెక్కే. 2026 ప్రవేశాల నుంచి దాన్ని మూడు ప్రశ్నలుగా విడగొట్టారు: ఈ సబ్జెక్టు ఎందుకు, మీ చదువు మిమ్మల్ని దీనికి ఎలా తయారు చేసింది, క్లాసు బయట ఇంకేం చేశారు. ఐదు చోట్లకీ అదే కాగితం వెళ్తుంది. కాబట్టి అందులో ఏ ఒక్క యూనివర్సిటీనీ పొగడకండి, మిగతా నలుగురూ చదువుతారు.

చీరాల నుంచి ఒకమ్మాయి తన స్టేట్‌మెంట్ చూపించింది. మొదటి వాక్యం, "చిన్నప్పటి నుంచి నాకు చరిత్ర అంటే ప్రాణం." తర్వాత వ్యాసరచన పోటీలో ఫస్ట్ ప్రైజు, ఎన్‌సీసీ, రక్తదానం. మంచి పిల్లే, కానీ ఆ కాగితంలో చరిత్ర లేదు. "మీ ఊరి దగ్గర ఏముందమ్మా?" అంటే, "మోటుపల్లి ఉంది సార్, గుళ్ళో శాసనం ఉంది" అంది.

మోటుపల్లి అప్పట్లో ఓడరేవు. కాకతీయ రాజు గణపతిదేవుడు 1244లో అక్కడ వేయించిన అభయశాసనం అది. తుపానుకి ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే వెనకటి రాజులు సరుకంతా లాక్కునేవారు, మేం మాత్రం సుంకం తప్ప ఏదీ ముట్టం అని అందులో వర్తకులకి మాట ఇచ్చాడు. పాఠ్యపుస్తకంలో ఇది "వర్తకాన్ని ప్రోత్సహించెను" అనే ఒక్క లైను. అమ్మాయి రెండు వారాలు దాని మీదే కూర్చుంది. చివరికి ఇలా రాసుకొచ్చింది: "రాజు మాట ఇచ్చాడని రాయి చెబుతుంది. నిలబెట్టుకున్నాడని చెప్పదు. అది తెలియాలంటే ఓడవాళ్ళ వైపు నుంచి ఏం దొరుకుతుంది?" ఆ వెతుకులాటలోనే, మార్కోపోలో రాసిన ముత్ఫిలి ఈ మోటుపల్లేనని తెలుసుకుంది. అయినా యాత్రికుడి మాటని ఎంతవరకు నమ్మాలని మళ్ళీ తనే అడిగింది. రక్తదానం కొట్టేశాం. ఎన్‌సీసీ ఒక్క వాక్యం మిగిలింది.

అక్కడి ప్రొఫెసర్లకి కావలసింది ఈ తడుముకోవడమే. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల్లో షార్ట్‌లిస్ట్ అయితే డిసెంబరులో ఇంటర్వ్యూ చేస్తారు. ఎప్పుడూ చూడని పేరా ఒకటి చేతికిచ్చి, ఏమనిపిస్తోందో చెప్పమనొచ్చు. మనకేమో జవాబు తెలియకపోతే నోరు మూసుకోవడం అలవాటు. అక్కడ మాత్రం ఆలోచన పైకి వినిపించాలి, మధ్యలో "కాదు, నేను పొరబడ్డాను" అన్నా ఏం కాదు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, అదే ఎల్‌ఎస్‌ఈలో సాధారణంగా ఇంటర్వ్యూ ఉండదు, అందుకని అక్కడ కాగితమే అంతా.

డబ్బు సంగతి చెప్పకపోతే మోసం చేసినట్టే. డిగ్రీకి స్కాలర్‌షిప్పులు బాగా తక్కువ. ఇక్కడే బీఏ చేసి, మాస్టర్స్‌కి వెళ్ళేవాళ్ళకి దారులు ఎక్కువ: చీవెనింగ్, కామన్‌వెల్త్, రోడ్స్, ఆక్స్‌ఫర్డ్‌కీ, లండన్‌లోని సోయాస్ కాలేజీకీ ఫెలిక్స్. కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఒకటుంది గానీ, భారతీయ చరిత్ర, సంస్కృతి, మన సమాజం మీద చదువులకి అది వర్తించదని 2022లో నిబంధన మార్చారు. మోటుపల్లి మీద పని చేస్తానంటే ఆ తలుపు మూసినట్టే. నాకైతే ఇది మింగుడుపడలేదు.

ఒక్క మాట చెప్పి దిగిపోతాను. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలకి గడువు అక్టోబర్ 15, అక్కడ సాయంత్రం ఆరు, మనకి రాత్రి పదిన్నర. మీ మాస్టారు మీ గురించి రాసే సిఫారసు, అంటే రెఫరెన్స్ కూడా ఆలోపే దరఖాస్తులో ఉండాలి. ఆ రాత్రి పదింటికి ఆయన ఫోన్ ఎత్తరు. ఆగస్టులోనే వెళ్ళి అడగండి, మీరు రాసింది కూడా తీసుకెళ్ళి చూపించండి.