ఫొటోకు పెయింటింగ్ కళ తేవాలంటే మొదట ఏ సాఫ్ట్‌వేర్ పట్టాలి?

(హనుమకొండలో కొత్తగా ఫొటో ఎడిటింగ్ నేర్చుకునేవారి కోసం సిద్ధం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఏ యాప్ మంచిదని అడిగితే చాలామంది ఫిల్టర్ల లెక్క చెప్తారు. దీంట్లో రెండొందలున్నయి, దాంట్లో అయిదొందలున్నయి అని. ఆ లెక్కతో మనకు పనిలేదు. ఇవాళ వేసిన ఎఫెక్టును రేపు తగ్గించుకోవచ్చా? ముఖం మీద వద్దనుకుంటే అక్కడివరకే తుడిచేయొచ్చా? అసలు ఫొటో చెక్కుచెదరకుండా ఉంటుందా? ఇవి కుదిరితేనే ఆ సాఫ్ట్‌వేర్ కొత్తవాళ్లకు పనికొస్తుంది. ఒక్క నొక్కుతో పెయింటింగ్ చేసిచ్చి, ఆ తర్వాత వేలు పెట్టనివ్వని యాప్‌లో చూసి మురిసిపోవడమే తప్ప నేర్చుకునేదేమీ ఉండదు.

ఫోన్ ఒక్కటే ఉన్నవాళ్లు గూగుల్ వారి స్నాప్‌సీడ్‌తో మొదలుపెట్టండి. డబ్బు కట్టనక్కర్లేదు, ఫొటో మీద వాటర్‌మార్క్ పడదు. వేయిస్తంభాల గుడి దగ్గర మిట్టమధ్యాహ్నం తీసిన ఫొటో తెరవండి. రాయి నల్లగా, ఆకాశం తెల్లగా వచ్చి ఉంటుంది. హెచ్‌డీఆర్ స్కేప్ అనే ఫిల్టర్ వేయగానే స్తంభాల మీది చెక్కడం పైకి తేలుతుంది. మస్తుగుందని అక్కడే ఆగకండి, జూమ్ చేసి కప్పు అంచు చూడండి. రాయి, ఆకాశం కలిసేచోట తెల్లటి పొగలాంటి గీత కనిపిస్తుంది. ఈ ఫిల్టర్ నీడలను వెలిగించి, వెలుగును అణిచేటప్పుడు చుట్టుపక్కల పిక్సెళ్లను కలిపి లెక్కగడుతుంది. అందుకని అంచు దగ్గర ఒకవైపు దిద్దుబాటు రెండోవైపుకు ఒలుకుతుంది. ఫిల్టర్ స్ట్రెంత్‌ను 30 దాకా దించితే గీత చాలావరకు పోతుంది.

ఫొటోలో మనుషులుంటే ఇంకో చిక్కు: చర్మం మీది ప్రతి మచ్చా లేచి కూర్చుంటుంది. వ్యూ ఎడిట్స్‌లోకి వెళ్లి, హెచ్‌డీఆర్ స్కేప్ పక్కన బాణం నొక్కి, బ్రష్ గుర్తు ఎంచుకోండి. విలువ 100 పెట్టి గుడి మీద మాత్రమే వేలితో రుద్దండి. పొరపాటున ముఖం మీదికి పోతే 0కి దించి మళ్లీ రుద్దండి, పోతుంది. వెర్షన్‌ను బట్టి ఈ గుర్తుల చోటు కాస్త మారొచ్చు. మాస్క్ అనే ఈ పని చేతికొచ్చేదాకా గ్రంజ్ ఎఫెక్టు జోలికి, ఫ్రేముల జోలికి పోకపోవడమే మంచిది.

వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫొటో మీద మాత్రం ఈ ప్రయోగాలు చేయకండి. అది అప్పటికే కుదించిన జేపెగ్. జేపెగ్ బొమ్మను 8 పిక్సెళ్ల చదరాలుగా కోసి కుదిస్తుంది. మామూలుగా చూస్తే ఆ చదరాలు తెలియవు, స్కెచ్ ఎఫెక్ట్ వేస్తే ఆకాశమంతా గళ్ల లుంగీ అవుతుంది. పంపేవాళ్లను డాక్యుమెంట్‌గా పంపమనండి.

ల్యాప్‌టాప్ ఉంటే గింప్. ఉచితం, గింప్ డాట్ ఆర్గ్ నుంచే దించుకోండి. 2025లో వచ్చిన 3.0 వెర్షన్ గానీ, ఆ తర్వాతిది గానీ కావాలి, ఎందుకో ఇప్పుడే చూద్దాం. పెన్సిల్ స్కెచ్ చేద్దాం. కలర్స్ మెనూలో డీశాచురేట్‌తో ఫొటోను నలుపు తెలుపు చేయండి. ఆ లేయర్‌కు, అంటే ఆ బొమ్మ ఉన్న పొరకు, నకలు తీసి, నకలును ఇన్వర్ట్ చేయండి. లేయర్ మోడ్‌ను డాడ్జ్‌కు మార్చండి. తెరంతా దాదాపు తెల్లబడుతుంది, కంగారుపడకండి. కింది బొమ్మ, దాని ఉల్టా బొమ్మ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి, అంతే. ఇప్పుడు పై లేయర్‌కు గాసియన్ బ్లర్ 10 నుంచి 20 మధ్య ఇవ్వండి. బ్లర్ పెరిగేకొద్దీ రెండింటికీ తేడా వచ్చి, అంచులు పెన్సిల్ గీతల్లా తేలతాయి. బ్లర్ డబ్బాలో మెర్జ్ ఫిల్టర్ టిక్ లేకుండా చూసుకుంటే, తర్వాత లేయర్ పక్కన ఎఫెక్స్ (fx) గుర్తు నొక్కి ఆ అంకెను మార్చుకోవచ్చు. పాత 2.10లో ఈ వీలు లేదు. తక్కువ వెలుతురులో తీసిన ఫొటోకు మాత్రం నాయిస్, అంటే ఇసుక రాల్చినట్టు కనిపించే చుక్కలు, కూడా గీతలై మీద పడుతుంది, ముందు దాన్ని తగ్గించాలి.

ఆయిల్ పెయింటింగ్ కోసం ఫిల్టర్స్‌లో ఆర్టిస్టిక్, అందులో ఆయిలిఫై. ఇక్కడ కొత్తవాళ్లు తికమకపడేది మాస్క్ రేడియస్ దగ్గర. అది పిక్సెళ్ల లెక్క. 1200 పిక్సెళ్ల వెడల్పున్న బొమ్మ మీద 4 ఇస్తే వచ్చే కళ, 3600 బొమ్మ మీద రావాలంటే 12 ఇవ్వాలి. అందుకే సైజు ముందు తేల్చుకోండి: 12 అంగుళాలకు 8 అంగుళాల ప్రింటు, అంగుళానికి 300 పిక్సెళ్లు అంటే 3600కు 2400. 4 జీబీ ర్యామ్ మిషన్లకూ ఇదే మేలు. 6000కు 4000 పిక్సెళ్ల ఫొటోలో ఒక్కో లేయరే మామూలు 8 బిట్లలో 96 ఎంబీ దాకా తింటుంది.

బతుకమ్మ ఫొటోలకు ఇంకో జాగ్రత్త. తంగేడు, బంతి పసుపు రంగు కెమెరాలోనే అంచుదాకా నిండి వస్తుంది. దానిమీద శాచురేషన్ పెంచితే రేకులన్నీ ఒక్క ముద్ద అవుతాయి. ఆయిలిఫైకి ముందే శాచురేషన్ 10, 15 తగ్గించండి. గునుగు కుచ్చుల నూగు ఎలాగూ ఆయిలిఫైలో కలిసిపోతుంది, అక్కడ మాస్క్‌తో అసలు ఫొటోను బయటికి రానివ్వండి.

చేర్యాల బొమ్మలాగా చేసిచ్చే ఫిల్టర్ ఉందా అంటే, లేదనే అనుకోండి. మీడియన్ బ్లర్ వేసి, పోస్టరైజ్ 5 మీద పెడితే చదునైన రంగులు వస్తాయి. ఎర్రటి నేపథ్యం, గీత మాత్రం చేత్తో వేసుకోవాల్సిందే, దానికి బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ క్రిటా బాగుంటుంది. ఇన్‌స్టాల్ చేయనివ్వని కాలేజీ ల్యాబ్‌లో బ్రౌజర్‌లోనే నడిచే ఫొటోపియా చాలు. పెళ్లి ఆల్బమ్‌ల స్టూడియోలో పని కావాలంటే ఫొటోషాప్ ఎప్పటికైనా పట్టాలి, నెలనెలా కట్టే స్తోమత వచ్చాక పట్టండి. క్రాక్ వెర్షన్‌తో పాటు వైరస్ కూడా రావచ్చు.

సేవ్ చేసేటప్పుడు గింప్ ఎక్స్‌సీఎఫ్ ఫైలు ఇస్తుంది. లేయర్లన్నీ అందులోనే ఉంటాయి, దాచుకోండి. ప్రింటు వేసే ల్యాబ్‌కు ఇచ్చేది ఎక్స్‌పోర్ట్‌తో తీసిన జేపెగ్, క్వాలిటీ 90కి పైన పెట్టండి. అదే జేపెగ్‌ను తెరిచి దిద్ది మళ్లీ సేవ్ చేస్తూ పోతే ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది. మార్పు ఏదున్నా ఎక్స్‌సీఎఫ్‌లో చేసి కొత్త జేపెగ్ తీయండి.