డీజిలా, మోటార్ వెహికలా? ఫారం నింపే ముందు ఒకసారి హార్బరుకి రండి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకి, పదో తరగతి పాసైన పిల్లలకి, ఈ ఎండలో వాళ్ళని వెంటబెట్టుకుని వచ్చిన అమ్మానాన్నలకి. పేరుపేరునా చెప్పడం మొదలుపెడితే నాకిచ్చిన టైమంతా అందులోనే పోతుంది. క్షమించండి, విషయంలోకి వచ్చేస్తాను.

ఐటీఐలో మెకానిక్ డీజిల్ తీసుకోవాలా, మెకానిక్ మోటార్ వెహికల్ తీసుకోవాలా, అది చెప్పమని నన్ను పిలిచారు. నేను మొదట మన విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో, తర్వాత గాజువాక ఆటోనగర్‌లో ఇంజన్లు విప్పి బిగించి బతికినవాణ్ణి, కాబట్టి చెప్తాను. కానీ ఇందాక హాల్లోకి వస్తుంటే ఒక తండ్రి ఆపి, "ఏది తీసుకుంటే తొందరగా అయిపోతాదండీ?" అని అడిగారు. డీజిల్ ఒక ఏడాది, మోటార్ వెహికల్ రెండేళ్ళు అన్నాను. "అయితే డీజిలే రాయిస్తాను" అని ఆయన లోపలికి వెళ్ళిపోయారు. అయ్యా, మీరు ఎక్కడ కూర్చున్నారో గానీ, దయచేసి ఇంకా రాయించకండి. నేను చెప్పేది పూర్తిగా విని, ఆ తర్వాత మీ ఇష్టం.

ఏడాది కోర్సు కదా అని డీజిల్ చిన్న చదువు కాదు, రెండేళ్ళు కదా అని మోటార్ వెహికల్ గొప్పదీ కాదు. డీజిల్ ట్రేడులో ఇంజన్ మీదే దృష్టి ఉంటుంది. బండిలో ఉండే ఇంజనే కాదు, జనరేటర్లాగా ఒకచోట బిగించి నడిపే ఇంజను, పడవ ఇంజను గురించి కూడా చెప్తారు. మోటార్ వెహికల్ అంటే బండి మొత్తం: ఇంజను, క్లచ్, గేర్‌బాక్స్, స్టీరింగ్, బ్రేకులు, సస్పెన్షన్, వైరింగ్. అందులో పెట్రోలు ఉంటుంది, డీజిలూ ఉంటుంది. రెండేళ్ళు ఇంట్లో గడుస్తుంది, కుర్రాడి జీతం కోసం ఇల్లు ఎదురుచూడటం లేదు అనుకుంటే మోటార్ వెహికల్ తీసుకుంటే దారులు ఎక్కువ ఉంటాయి. ఇల్లు గడవడం కష్టంగా ఉంటే ఏడాదిలో డీజిల్ చేసి అప్రెంటిస్‌గా వెళ్ళడంలో తప్పేమీ లేదు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి ఈ రెండు ట్రేడులనూ ఒప్పుకుంటున్నారు. మన ఊళ్ళోని నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్ తీసుకునే ట్రేడుల్లో మెకానిక్ డీజిల్ ఉంటూ వచ్చింది. ఏ ఏడుకి ఆ ఏడు నోటిఫికేషన్ మీరే చదువుకోండి, ఎవరో చెప్పారని నమ్మకండి, నేను చెప్పానని కూడా వద్దు.

ఇక అసలు తేడా. పెట్రోలు ఇంజన్‌లో పెట్రోలు, గాలి కలిశాక ప్లగ్ నిప్పురవ్వ కొడితే మండుతుంది. డీజిల్‌కి ప్లగ్గు రవ్వ అక్కర్లేదు. పిస్టన్ ఉత్త గాలినే లోపలికి లాక్కుని, ఆ గాలిని పదహారో వంతుకో పద్దెనిమిదో వంతుకో కుదించేస్తుంది. ఆ నొక్కుడుకి గాలి ఐదారు వందల డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, అప్పుడు నాజిల్ డీజిల్‌ని పొగమంచులా చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ అనే ఇంజనీరు 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఈ పద్ధతిలో పనిచేసే ఇంజన్‌ని నడిపి చూపించాడు. ఆ ఇంజనుకీ ఇప్పుడు షీలానగర్ రోడ్డు మీద పోర్టుకెళ్ళే ట్రైలర్ ఇంజనుకీ మూలసూత్రం ఒకటే. ఈ ఒక్క సంగతి మనసులో నిలిస్తే ఇంజను స్టార్టు కానప్పుడు చేతులు కంగారుపడవు. డీజిల్ వస్తోందా, గాలి వస్తోందా, కంప్రెషన్, అదే ఆ నొక్కుడు, ఉందా. నా మటుకు నేను ఏ ఇంజను దగ్గరికెళ్ళినా ముందు ఈ మూడే అడుగుతాను.

"డీజిల్ అయిపోయింది, ఇక అంతా కరెంటు బళ్ళే" అని వాట్సాప్‌లో తిరుగుతోంది. పిల్లలు భయపడుతున్నారు. 2020 ఏప్రిల్ 1 నుంచి బళ్ళ పొగని కట్టడి చేసే బీఎస్-6 నిబంధన వచ్చింది, మారుతి అప్పటితో డీజిల్ కార్లు ఆపేసింది, చిన్న కార్లలో డీజిల్ దాదాపు పోయింది. అంతవరకు నిజం. కాబట్టి కార్ల లైన్లోకి వెళ్ళే కుర్రాడు పెట్రోలుతో పాటు సీఎన్‌జీ, హైబ్రిడ్, బ్యాటరీ బండి, స్కానర్ పట్టుకుని బండి కంప్యూటర్ చూపే లోపాల కోడ్ చదవడం, ఇవన్నీ నేర్చుకోవాల్సిందే. బ్యాటరీ కార్లో నారింజ రంగు కేబుల్ కనబడితే, ట్రైనింగ్ లేకుండా దాన్ని ముట్టుకోకూడదు, అందులో వందల వోల్టులు ఉంటాయి. రైల్వేలో కూడా లైన్లు దాదాపు అన్నీ కరెంటు అయిపోయాయి, డీజిల్ షెడ్లలో ఇప్పుడు ఎలక్ట్రిక్ ఇంజన్లు కూడా చూస్తున్నారు. అది కూడా నిజమే.

కానీ మనం ఉన్నది విశాఖపట్నంలో. 1933లో మొదలైన పోర్టు ఉంది, షిప్‌యార్డు ఉంది, స్టీలు ప్లాంటు ఉంది, గంగవరం పోర్టు ఉంది, వీటి చుట్టూ తిరిగే లారీలు, టిప్పర్లు, క్రేన్లు, పొక్లెయిన్లు, జనరేటర్లు ఉన్నాయి, అన్నిటినీ మించి హార్బర్ నిండా మరబోట్లు ఉన్నాయి. సముద్రంలోకి రోజుల తరబడి వెళ్ళే బోటుని రేపో ఎల్లుండో బ్యాటరీతో నడిపిస్తారని నేననుకోను. కాలనీలో సొంత షెడ్డు పెట్టుకోవాలనుకునే కుర్రాడికి మోటార్ వెహికల్. బండి ఎక్కడ ఆగితే అక్కడికెళ్ళి, రాత్రిళ్ళు మెలకువగా ఉండి, నూనెలో చేతులు పెట్టడానికి ఒప్పుకునే కుర్రాడికి ఈ ఊళ్ళో డీజిల్. ఇది నా అభిప్రాయం.

ఇంతవరకు నన్ను చెప్పమన్నది చెప్పాను. ఇప్పుడు నేను చెప్పాలనుకున్నది చెప్తాను.

నేను హార్బర్‌లో హెల్పర్‌గా చేరినప్పుడు మా మేస్త్రీ చాలా పనిమంతుడు. ఆ మాట ఎక్కడైనా చెప్తాను, ఆయన చేతి పని అలాంటిది. కానీ పంపు టైమింగ్, అంటే ఇంజన్‌లోకి డీజిల్ ఏ క్షణాన పంపాలో సరిచేసే పని, పెట్టే వేళకి "ఒరే గుంటా, టీ పట్రా" అనేవాడు. ఎప్పుడూ సరిగ్గా అప్పుడే. నేను టీ తెచ్చేసరికి పంపు బిగించేసి ఉండేది, ఇంజను మోగుతుండేది. మొదట్లో అర్థం కాలేదు. తర్వాత అర్థమై టీకొట్టుకి పరుగెత్తుకుంటూ వెళ్ళి పరుగెత్తుకుంటూ వచ్చేవాణ్ణి. అప్పుడు సిగరెట్లు కూడా తెమ్మని వేరే కొట్టుకి పంపడం మొదలుపెట్టాడు. ఇంతా చేసి ఆ పనేమిటి? పాత వరస పంపు మీద చిన్న వంపు గొట్టం పెట్టి, ఫ్లైవీల్ మెల్లగా తిప్పుతూ, ధారగా వస్తున్న డీజిల్ చుక్కలుగా మారే చోటు పట్టుకుని, అక్కడ గుర్తు కలిపి పంపు బిగించడం. చూపిస్తే అరగంట పని. దాన్ని నాకు కనబడకుండా ఏళ్ళ తరబడి దాచారు. దాచింది ఆయనొక్కడే కాదు, ఆయన మేస్త్రీ ఆయన దగ్గర దాచాడు, పక్క షెడ్డులో ఇంకొకాయన ఇంకొకడి దగ్గర దాచాడు.

నాకు మొదటి అసలైన పాఠం చెప్పింది మేస్త్రీ కాదు, బోటు డ్రైవర్. జాలరిపేట మనిషి, బడి మొహం చూడలేదు. ఒకసారి ఇంజను ట్రయల్ కోసం బోటు మీద వెళ్ళాం, హార్బర్ నోరు దాటాక ఇంజను దగ్గి దగ్గి ఆగిపోయింది. అలలకి బోటు అడ్డం తిరిగిపోతోంది. నాకు గుండె జారిపోయింది. ఆయన మాత్రం కిందికి దిగి, "ఫిల్టరు మార్చారు కదా, గాలి పట్టింది, రా బాబూ నువ్వే తీద్దువు" అని స్పానర్ నా చేతిలో పెట్టాడు. ఫిల్టరు మీది చిన్న స్క్రూ వదులు చేయించాడు, చేతి పంపు కొట్టించాడు. మొదట నురుగు వచ్చింది, తర్వాత బుడగలు, తర్వాత బుడగ లేని డీజిల్. "ఇప్పుడు బిగించు" అన్నాడు. తర్వాత నాజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటీ వదులు చేసి, సెల్ఫ్ కొట్టి, డీజిల్ వచ్చాక మళ్ళీ బిగించడం. ఇంజను అందుకుంది. ఆయన ఒక్క నట్టు కూడా తాను ముట్టుకోలేదు. అంతా నా చేతనే చేయించాడు, అలల్లో, బోటు అటూఇటూ ఊగుతుండగా.

ఇక్కడ మేస్త్రీలు, షెడ్డు ఓనర్లు చాలామంది కూర్చున్నారు, నాకు తెలిసినవాళ్ళే. అన్నా, మీతోనే మాట్లాడుతున్నాను. మీ దగ్గరికొచ్చిన కుర్రాడి చేత ఏళ్ళ తరబడి స్పానర్లు కడిగించకండి. పని నేర్పితే పక్కనే కొట్టు పెట్టేస్తాడని మీ భయం, నాకు తెలుసు, నాకూ ఆ మాట చాలామంది చెప్పారు. పెట్టనివ్వండి! నా దగ్గర నేర్చుకుని నా ఎదురుగానే షెడ్డు పెట్టిన కుర్రాడు ఉన్నాడు, పెద్ద ఓవర్‌హాల్ వస్తే ఇద్దరం కలిసి చేస్తాం. పని తెలియని హెల్పర్ హెడ్ బోల్టులు వరస తప్పి బిగిస్తే గ్యాస్కెట్ పోయేది మీ కస్టమర్‌కే, తిట్లు పడేది మీకే.

పిల్లలూ, అందుకే మీరు డీజిలా మోటార్ వెహికలా అని అడిగే ముందు, ఎవరి దగ్గర అప్రెంటిస్ చేస్తారో అడగండి. అక్కడ ఇంజను మీ చేత విప్పిస్తారా అని అడగండి. అమ్మలూ, మీరూ అడగండి, మొహమాటపడకండి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఉంది, దాని ప్రకారం అప్రెంటిస్‌కి కాంట్రాక్టు రాసి రిజిస్టర్ చేయాలి, స్టైపెండ్ ఇవ్వాలి. అది దానం కాదు, మీ హక్కు. ట్రేడు సర్టిఫికెట్ ఒక్కటే పట్టుకుని వచ్చి, సన్నని సందులు కొలిచే ఫీలర్ గేజ్ ఎలా పట్టుకోవాలో తెలియక నిలబడిపోయిన పిల్లలు నా షెడ్డుకి చాలామంది వచ్చారు. తప్పు వాళ్ళది కాదు. వాళ్ళ చేతికి ఎవరూ ఇవ్వలేదు.

నేర్పకపోతే పని పోవడమే కాదు, చేతులు పోతాయి. ఇది చెప్పకుండా దిగలేను. ఒత్తిడిని బార్లలో కొలుస్తారు, లారీ టైరులో గాలి మహా అయితే ఎనిమిది బార్లు ఉంటుంది. పాత నాజిల్ సుమారు 200 బార్ల దగ్గర తెరుచుకునేది. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్‌లో, అంటే నాజిల్స్ అన్నిటికీ ఒకే పైపు నుంచి డీజిల్ వెళ్ళే ఇంజన్‌లో, ఆ పైపులోని డీజిల్ ఒత్తిడి 2000 బార్ల దాకా వెళ్తుంది. ఇంజను నడుస్తుండగా పైపు దగ్గర సన్నగా కారుతోందని వేలు పెట్టి చూస్తే, ఆ డీజిల్ చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది. పైకి ఒక చిన్న చుక్కే కనబడుతుంది, నొప్పి కూడా మొదట్లో పెద్దగా ఉండదు. అదే మోసం. వెంటనే ఆసుపత్రికెళ్ళి ఆపరేషన్ చేయించకపోతే వేలు, ఒక్కోసారి చెయ్యే తీసేయాల్సి వస్తుంది. కట్టు కట్టుకుని పడుకుంటే సరిపోదు, "డీజిల్ లోపలికి దూరింది" అని డాక్టర్‌కి ఆ మాటే చెప్పాలి. ఇంజను ఆపి, ప్రెషర్ దిగేదాకా ఆగండి. లీకు వెతకాలంటే అట్టముక్క పట్టుకోండి, వేలు కాదు. పాత ఇంజన్‌లో నట్టు వదులు చేసి గాలి తీశానని ఇందాక చెప్పాను కదా, కామన్ రైల్‌లో ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. వెనక కూర్చున్న బాబూ, నీకు వినబడిందా? కామన్ రైల్‌లో వద్దు.

బీఎస్-6 లారీలు వచ్చాక కొత్త తలనొప్పులు కూడా వచ్చాయి. పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది, యూరియా నీళ్ళ ట్యాంకు వేరే ఉంటుంది. ఆ ద్రవంలో యూరియా 32.5 శాతం, మిగతాది శుద్ధిచేసిన నీరు. మామూలు కుళాయి నీళ్ళు పోస్తే లోపల పాడైపోతుంది, బండి పవర్ తగ్గించేసుకుంటుంది. పోర్టు గేటు దగ్గర గంటల తరబడి ఐడిల్‌లో నిలబడే లారీల్లో ఆ మసి ఫిల్టరు తొందరగా మూసుకుపోతుంది. కాబట్టి డీజిల్ తీసుకున్నా కంప్యూటర్‌ని తప్పించుకోలేరు, ల్యాప్‌టాప్ అంటే భయపడే కుర్రాడికి ఇప్పుడు ఈ రెండు ట్రేడుల్లోనూ ఇబ్బందే.

అమ్మాయిలు నలుగురైదుగురు కనబడుతున్నారు, చాలా సంతోషం. బరువులెత్తడానికి చైన్ బ్లాకు ఉంది, జాకీ ఉంది, మగాళ్ళు కూడా ఇంజన్‌ని చేతులతో ఎత్తరు. నాజిల్, పంపు పని శుభ్రమైన గదిలో, మైక్రోమీటర్ పట్టుకుని చేసే పని. ఓపికా, చూపూ ఉంటే చాలు, మీరు బాగా చేస్తారు.

సరే, ఇప్పుడు చేయాల్సింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం, 61 రోజులు. బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఏడాదంతా విప్పడానికి కుదరని ఇంజన్లు ఇప్పుడే విప్పుతారు. లైనర్లు, పిస్టన్లు, క్రాంకు, అన్నీ బయటపెట్టి ఉంటాయి. మీ పరీక్షలైపోయాయి, అడ్మిషన్లు ఇంకా పూర్తవలేదు. ఫారంలో ట్రేడు పేరు రాసే ముందు ఒక పొద్దున్న హార్బర్‌కి రండి. బోటు ఓనర్లతో నేను మాట్లాడాను, పిల్లలొస్తే చూడనిస్తామన్నారు. ఇంకో రోజు ఆటోనగర్‌లో కార్ల షెడ్డుకి తీసుకెళ్తాను, స్కానర్ పెట్టి చూపిస్తారు. చెప్పులతో రావద్దు, బూట్లు వేసుకోండి, వదులు చొక్కాలు వద్దు. తల్లిదండ్రులూ రావచ్చు. ఇందాక అడిగిన తండ్రి గారు తప్పకుండా రావాలి.

ఇంకొక్క మాట, షెడ్డు ఓనర్లకి. తలుపు దగ్గర బల్ల మీద ఒక నోటుబుక్కు పెట్టించాను. ఈ ఏడాది అప్రెంటిస్‌ని తీసుకునేవాళ్ళు పేరు, షెడ్డు అడ్రసు, ఎంతమందిని తీసుకుంటారో రాయండి. పక్కన ఇంకో గడి గీశాను, పంపు టైమింగ్ పిల్లాడి చేత పెట్టిస్తారా లేదా అని. అది ఖాళీగా వదలకండి. మొదటి పేరు నేను రాసేశాను, రెండో పేరు ఎవరు రాస్తారో రండి.