పడవ మీదికి స్నేహితులు వస్తే

శ్రోతలకు నమస్కారం.

ఒక తెరచాప పడవ. పొడవు 40 అడుగులు. అందులో ఇద్దరు మనుషులు కాపురం ఉంటున్నారు. కరీబియన్ సముద్రంలో, సెయింట్ విన్సెంట్‌కు దక్షిణంగా వరసగా ఉండే గ్రెనడీన్స్ దీవుల్లో చలికాలమంతా తిరుగుతున్నారు. ఆ పడవ మీదికి నలుగురు స్నేహితులు వారం రోజులు ఉండడానికి వస్తున్నారు. ఇవాళ్టి మాటలు ఆ వారం గురించే. అందులోనూ నీళ్ల గురించి. చుట్టూ కనిపించే ఉప్పునీళ్లు కాదు, ట్యాంకులో ఉన్న మంచినీళ్లు.

నీళ్ల దాకా వెళ్లేముందు ఒక్క మాట. పడవల మీద బతికేవాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. వచ్చే స్నేహితులకు ముందే చెప్పేస్తారు: రోజైనా మీరు చెప్పండి, చోటైనా మీరు చెప్పండి, రెండూ మాత్రం అడగొద్దు. ఫలానా తేదీన వస్తామంటే, ఆ రోజు పడవ ఎక్కడుంటే అక్కడికి మీరే రావాలి. ఫలానా దీవిలో ఎక్కుతామంటే, పడవ అక్కడికి చేరేదాకా మీరే ఆగాలి. రోజో, చోటో. ఇది మర్యాద తక్కువై అనే మాట కాదు. అక్కడ గాలి ఏడాది పొడుగునా తూర్పు నుంచో ఈశాన్యం నుంచో వీస్తుంది. మామూలుగా 15 నుంచి 20 నాట్లు, అంటే గంటకు 28 నుంచి 37 కిలోమీటర్ల వేగం. క్రిస్మస్ ముందూ వెనకా 25 దాటి, రోజుల తరబడి తగ్గదు. ఎవరి విమానం టికెట్టో తప్పిపోతుందని ఆ గాలిలో లంగరు ఎత్తి బయల్దేరడం కంటే చెడ్డ నిర్ణయం ఇంకోటి లేదు. అందుకే దిగే రోజుకీ, విమానం రోజుకీ మధ్య కనీసం రెండు రోజులు ఖాళీ పెట్టుకోమనండి.

ఎక్కడానికి బెక్వే దీవి మంచిది. సెయింట్ విన్సెంట్‌లోని ఆర్గైల్ విమానాశ్రయంలో దిగి, కింగ్స్‌టౌన్ రేవులో ఫెర్రీ ఎక్కితే గంటలో బెక్వే. అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఇదేమంత దూరం కాదు. వచ్చేవాళ్లు ఒకవైపు టికెట్టే కొనుక్కుంటే, తమ పడవ ఎక్కుతున్నారని కెప్టెన్ రాసిచ్చిన ఉత్తరం చేతిలో ఉండాలి. లేకపోతే విమానం కౌంటరు దగ్గరే ఆపే అవకాశం ఉంది. దిగాక వాళ్ల పేర్లు పడవ సిబ్బంది జాబితాలో రాయించాలి. అది కెప్టెన్ పూచీ.

ఇక నీళ్లు.

మన పడవలో రెండు ట్యాంకులు. ఒక్కోటి 200 లీటర్లు. మొత్తం 400. ఇద్దరే ఉన్నప్పుడు, అలవాటైన మనుషులు కాబట్టి, మనిషికి రోజుకు 10 లీటర్లతో గడిపేస్తారు. అంటే 400 లీటర్లు 20 రోజులు వస్తాయి. ఇప్పుడు నలుగురు వచ్చారు. మంచివాళ్లే, ఎవరికీ ఇబ్బంది కలిగించకూడదనుకునేవాళ్లే. పొద్దున్నే లేచి ఇంట్లో చేసినట్టు స్నానం చేశారు. పడవలో షవరు నిమిషానికి 7, 8 లీటర్లు పోస్తుంది. ఆరు నిమిషాల స్నానానికి దాదాపు 45 లీటర్లు. నలుగురికీ కలిపి 180. ఒక్క పొద్దుటిపూటలో ఒక ట్యాంకు దాదాపు అయిపోయింది.

ఇది జరిగేది ఎక్కడ? బెక్వే నుంచి దక్షిణంగా ఓ 25 నాటికల్ మైళ్లు, అంటే 45 కిలోమీటర్ల పైచిలుకు వెళ్తే వచ్చే టొబేగో కేస్‌లో అనుకోండి. ఐదు చిన్న దీవులు. మనుషులు ఉండరు. తూర్పున గుర్రపు నాడా ఆకారంలో పగడపు దిబ్బ. దాని అవతల, ఆ ఐదింటిలో ఒక చిన్న దీవి తప్ప, ఆఫ్రికా దాకా నేల లేదు. అలలన్నీ ఆ దిబ్బ మీదే విరిగిపోతాయి, ఇవతల మూడు నాలుగు మీటర్ల లోతులో ఇసుక కనిపిస్తూ నీళ్లు నిలకడగా ఉంటాయి. బరదాల్ అనే దీవి పక్కన తాబేళ్లు గడ్డి మేస్తుంటాయి. స్నేహితులను తీసుకెళ్లి తీరాల్సిన చోటు. అక్కడ కుళాయి లేదు. దుకాణం లేదు. చెత్త పడేసే చోటు లేదు. అసలు ఈ దీవుల్లో నదులే లేవు. బెక్వేలో ఇళ్లవాళ్లు కప్పు మీద పడ్డ వాన నీళ్లను కింద తొట్టెల్లోకి పట్టుకుని వాడుకుంటారు. పడవలు తిరిగే జనవరి నుంచి మే దాకా అక్కడ వానలు తక్కువ. అందుకని ఒడ్డున ఎవరినో బిందెడు నీళ్లు అడగడం అంత తేలిక విషయం కాదు. దానికి తోడు 2024 జులై 1న బెరిల్ తుపాను యూనియన్ దీవినీ, కారియకూనీ దారుణంగా దెబ్బతీసింది. అలాంటి ఊళ్లలో మనం కూరగాయలు కొనాలి, రొట్టె కొనాలి, డబ్బు ఖర్చు పెట్టాలి. వాళ్ల తొట్టెలో నీళ్ల మీద మాత్రం ఆశ పెట్టుకోకూడదు.

కాబట్టి లెక్క వేసుకుందాం. మనిషికి రోజుకు తాగడానికి, టీ కాఫీలతో కలిపి, 3 లీటర్లు. వంటకు 2. పళ్లు తోముకోవడానికీ, గిన్నెలు ఆఖరున తొలవడానికీ లీటరున్నర. స్నానానికి రెండున్నర. మొత్తం 9 లీటర్లు. ఆరుగురికి 54. ఒలికిపోయేవీ అవీ కలిపి 60 అనుకోండి. వారానికి 420. మన దగ్గర ఉన్నవి 400. దగ్గర దగ్గర సరిపోతున్నాయి, కానీ దగ్గర దగ్గర సరిపోవడం సముద్రం మీద చాలదు. 20 లీటర్ల క్యాన్లు మూడు విడిగా నింపి, డెక్ మీద, అంటే పడవ పైతట్టు మీద, కట్టి ఉంచాలి. ట్యాంకులో నీళ్లు పాడైనా ఇవి ఉంటాయి. ట్యాంకులో నీళ్లు పాడవుతాయా అంటే, అవుతాయి. డెక్ మీద నీళ్లు పోసే మూతకు ఉండే రబ్బరు వలయం అరిగితే, అలలు ఎగిసిపడ్డప్పుడు ఉప్పునీళ్లు లోపలికి దిగుతాయి. ఇంకా ఘోరం, డీజిల్ మూతా నీళ్ల మూతా పక్కపక్కనే ఉండి, సాయం చేద్దామనుకున్న అతిథి ఒకదానిలో పోయాల్సింది ఇంకోదానిలో పోయడం. నీళ్ల మూతకు నీలం రంగు, డీజిల్ మూతకు ఎరుపు వేసి ఉంచండి.

ఈ లెక్కలో దేనిమీదైనా పొదుపు చేయండి గానీ, తాగే 3 లీటర్ల మీద వద్దు. ఆ ఎండలో, ఆ గాలిలో చెమట పట్టినట్టే తెలియదు. పైగా మొదటి రోజు ఎవరికో ఒకరికి కడుపులో తిప్పి వాంతులవుతాయి. ప్రతి మనిషికీ పేరు రాసిన లీటరున్నర సీసా ఒకటి ఇవ్వండి. రోజుకు రెండుసార్లు ఖాళీ కావాలి. సాయంత్రానికి ఎవరి సీసా నిండుగా ఉందో చూడండి, వాళ్లకే మర్నాడు తలనొప్పి.

స్నానం గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే నీళ్లు పోయేదీ మిగిలేదీ అక్కడే. స్నానం పడవ వెనక మెట్టు మీద, సాయంత్రం ఐదింటికి. ముందు సముద్రంలో మునగాలి. మెట్టెక్కి ఒంటికీ తలకీ షాంపూ రుద్దుకోవాలి. బిళ్ల సబ్బు పనికిరాదు. సముద్రపు నీళ్లలో ఉన్న కాల్షియం, మెగ్నీషియం దాన్ని నురగ రానివ్వవు, జిడ్డుగా అంటుకుంటుంది. షాంపూ మాత్రం బాగానే నురగ వస్తుంది. మళ్లీ మునగాలి, నురగంతా పోవాలి. అప్పుడు మంచినీళ్లు. మొక్కలకు మందు కొట్టే చేతి స్ప్రేయర్ ఉంటుంది చూడండి, 5 లీటర్లది, అలాంటిది కొత్తది ఒకటి కొనిపెట్టుకోవాలి. నల్లటిదైతే మధ్యాహ్నమంతా ఎండలో పెడితే నీళ్లు గోరువెచ్చగా అవుతాయి. పిడి ఓ 20 సార్లు కొట్టి, సన్నటి జల్లు తల మీద నుంచి కిందికి పట్టుకుంటూ రావాలి. రెండు లీటర్లలో ఒంటి మీది ఉప్పంతా పోతుంది. పొడుగు జుట్టుంటే ఇంకో అరలీటరు. పొదుపు కోసం ఈ కడుగుడు మానేయకూడదు. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఉప్పు ఒంటితో పడుకుంటే దుప్పటికీ, పరుపుకీ ఉప్పు అంటుతుంది, ఆ పరుపు ఇక ఆరదు. వారం పోయాక స్నేహితులు వెళ్లిపోతారు గానీ, చెమ్మ పరుపులు ఉండిపోతాయి.

వంటలోనూ సముద్రపు నీళ్లు వాడొచ్చు, టొబేగో కేస్ లాంటి శుభ్రమైన చోట. గుడ్లు పూర్తిగా సముద్రపు నీళ్లలోనే ఉడకబెట్టండి. బంగాళాదుంపలకు ఒక వంతు సముద్రపు నీళ్లు, రెండు వంతులు మంచినీళ్లు. అన్నానికి మాత్రం ఒక్క చుక్క కూడా వద్దు. కుక్కర్లో పోసిన నీళ్లన్నీ మెతుకులే పీల్చుకుంటాయి, ఆ ఉప్పు ఎటూ పోదు. గిన్నెలు ముందు బకెట్టుతో తోడిన సముద్రపు నీళ్లలో తోమి, చివర మంచినీళ్లు చిలకరిస్తే చాలు. రేవులో ఉన్న రోజు మధ్యాహ్నం వంట మానేసి ఒడ్డున రోటీ తెచ్చుకోండి. కూర లోపల పెట్టి చుట్టిన పెద్ద రొట్టె అది. 1861లో మద్రాసు రేవు నుంచి ట్రావన్‌కోర్ అనే ఓడలో సెయింట్ విన్సెంట్ చెరకు తోటలకు కూలీలు వచ్చారు. ఆ తర్వాత మరిన్ని ఓడల్లో మనదేశం నుంచి ఆ సముద్రానికి మనుషులు వచ్చారు. రోటీ వాళ్లతో వచ్చిన తిండే. తిన్నాక కడగడానికి గిన్నె ఉండదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. స్నానాలూ గిన్నెలూ ఎంత జాగ్రత్తగా చూసుకున్నా, ఒక్క రాత్రిలో ట్యాంకు ఖాళీ అయ్యే దారి ఒకటుంది. పడవలో కుళాయి తిప్పగానే చిన్న కరెంటు పంపు దానంతటదే తిరుగుతుంది. కుళాయి కట్టేస్తే ఆగుతుంది. అతిథి కుళాయి పూర్తిగా కట్టలేదు, సన్నటి ధార పోతోంది. లేదా టాయిలెట్‌లో చేతి షవరు గొట్టం బిగింపు ఊడింది. పంపుకు తేడా తెలియదు, అది తోడుతూనే ఉంటుంది. ఆ నీళ్లు పడవ అడుగుకు చేరతాయి. అక్కడ ఇంకో పంపు ఉంటుంది, అడుగున చేరిన నీళ్లను సముద్రంలోకి పోసేది. అది కూడా తన పని తాను చేస్తుంది. పొద్దున్నకి ట్యాంకు ఖాళీ, పడవ అడుగు పొడి, ఏం జరిగిందో చెప్పే గుర్తు ఒక్కటీ ఉండదు.

అందుకని రెండు పనులు. ఒకటి, పడుకునే ముందు, పడవ దిగే ముందు నీళ్ల పంపు స్విచ్చి ఆపాలి. రెండు, రెండు ట్యాంకుల మధ్య వాల్వు ఎప్పుడూ మూసి ఉంచాలి. ఒక ట్యాంకు వాడాలి, రెండోది ముట్టకూడదు. మొదటిది అయిపోయిన రోజునే రెండోది తెరవాలి, అదీ అందరికీ చెప్పి తెరవాలి. అన్ని కుళాయిలూ కట్టి ఉండగా పంపు అప్పుడప్పుడూ గుర్రుమంటే, ఎక్కడో కారుతోందని అర్థం. ఆ చప్పుడు ఎలా ఉంటుందో అతిథులకు మొదటి గంటలోనే వినిపించండి. ట్యాంకు మట్టం చూపే మీటరును నమ్మొద్దు. ఒక సన్నటి చెక్క కర్ర మీద 20 లీటర్లకో గీత గీసి, రోజూ సాయంత్రం స్నానాలకు ముందు ముంచి చూడండి. అతిథులతోనే చూడమనండి. ఎంత ఉందో తామే చూసినవాళ్లకు జాగ్రత్త మళ్లీ చెప్పక్కర్లేదు.

టాయిలెట్‌కు సముద్రపు నీళ్లే వాడతారు, చేత్తో పంపు కొట్టాలి. 20 సార్లు కొట్టమని చెప్పండి, నాలుగైదుతో ఆపొద్దని చెప్పండి. గిన్నె ఖాళీగా కనిపించినంత మాత్రాన గొట్టం ఖాళీ అయినట్టు కాదు, రెండు మీటర్ల గొట్టంలోనే రెండు లీటర్లకు పైగా నిలిచి ఉంటుంది. కాగితం లోపల వేస్తే జోకర్ వాల్వ్ అనే చిన్న రబ్బరు ముక్క దగ్గర ఇరుక్కుంటుంది. నీళ్లతో కడుక్కునే అలవాటున్న మనవాళ్లు పడవకు మేలైన అతిథులు. అయితే చేతి షవరు బదులు ఒక చిన్న చెంబు ఇవ్వండి.

కొన్ని పడవల్లో సముద్రపు నీళ్లను మంచినీళ్లుగా మార్చే యంత్రం ఉంటుంది. మన ఇళ్లలోని ఆర్‌ఓ యంత్రం పనే, ఒత్తిడి మాత్రం సుమారు పదింతలు. గంటకు 30 లీటర్లు చేసే యంత్రం రోజుకు రెండు గంటలు తిరిగితే ఆరుగురికీ సరిపోతుంది. దాన్ని పడవలు కిక్కిరిసిన రేవులో తిప్పొద్దు, నీటి మీద తేలే నూనె తగిలితే లోపలి పొర పాడవుతుంది. క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లతో నేరుగా కడిగినా పాడవుతుంది. యంత్రం ఉన్నా లెక్క మానొద్దు, ఆగిపోయిన రోజున లెక్కే దిక్కు. యంత్రం లేకపోతే బెక్వేలో బయల్దేరేముందే నింపుకోవాలి, అక్కడ నీళ్లు అమ్మే పడవ మన పడవ దగ్గరికే వస్తుంది.

మేం ఏం తీసుకురావాలి అని స్నేహితులు తప్పకుండా అడుగుతారు. చక్రాల పెట్టెలు వద్దనండి, మడిచి దాచడానికి వీలైన బట్ట సంచులు తెమ్మనండి. అందులో సగం చోటు మీకు కావాలి: నీళ్ల పంపు మరమ్మతు కిట్టు ఒకటి, జోకర్ వాల్వులు రెండు, యంత్రానికి 5 మైక్రాన్ల ఫిల్టర్లు నాలుగు. పడవ సామాను అని రాసి ఉన్న బిల్లు వాటితో పాటే ఉంచి, కస్టమ్స్ దగ్గర చూపించమనండి. ఇంకా చోటు మిగిలితే కందిపొడి, నెయ్యి, ఆవకాయ. ఫ్రిజ్ అక్కర్లేదు, వండక్కర్లేదు, కుక్కరు ఒక్కటి పెడితే ఆరుగురికి భోజనం. ఆవకాయ మాత్రం గాజు సీసాలో వద్దు. మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో, రెండు కవర్లు చుట్టి. ఆ నూనె టేకు డెక్ మీద ఒలికితే మరక ఇక వదలదు.

నమస్కారం.